పంపు లాగ్ ఫైలుకి వీడ్కోలు సభ

నీలాపురం జలసరఫరా మండలిలో ఉద్యోగం దొరకడం కష్టమంటారు గాని, అది తెలియనివాళ్ళు అనే మాట. దొరకడం తేలికే. పరీక్ష రాస్తే వస్తుంది. వదిలి వెళ్ళడమే కష్టం. బదిలీ అయినా, పదోన్నతి వచ్చినా, చివరికి మనిషే పోయినా సరే, తన పేర ఉన్న సామానంతా మరొకరి చేతిలో పెట్టి, వాళ్ళ చేత ‘పూర్తిగా ముట్టినది’ అని సంతకం పెట్టిస్తే తప్ప మండలి ఎవరినీ వదలదు. స్టోరు గుమాస్తా ఒకాయన గుండెపోటుతో పోతే, ఆయన పేర ఉన్న ఇనప నిచ్చెన చాలాకాలం దొరకలేదు. అది దొరికేదాకా హాజరుపట్టీలో ఆయన్ని సెలవులో ఉంచారు. నిచ్చెన దొరికిన రోజునే ఆయన అధికారికంగా చనిపోయాడు.

అటువంటి మండలిలో బెండి హైమవతికి బదిలీ ఉత్తర్వు వచ్చింది.

హైమవతి సహాయ ఇంజనీరు. ఊరికి నీళ్ళు తోడే పంపుల్ని నడిపే కంప్యూటరు ప్రోగ్రాము ఆమే సి భాషలో రాసింది. ఆమె భర్త ఫల్గుణరావు సముద్రం ఒడ్డున కొత్తరేవులో ఐసు ఫ్యాక్టరీ మేనేజరు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన అక్కడ, ఆమె ఇక్కడ. ఐసుని నీలాపురం తెచ్చుకోవడం కుదరదు, దారిలోనే కరిగిపోతుంది. అందుకని ఆమే కొత్తరేవుకి బదిలీ అడుగుతూ వచ్చింది. రెండో శనివారాలు వెళ్ళి, ఆదివారం సాయంత్రం బస్సెక్కి వచ్చేది. బస్సు కదిలేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదని వాళ్ళిద్దరూ ఎవరూ చెప్పకుండానే ఒక నియమం పెట్టుకున్నారు. ఆయన బస్సు చక్రాన్ని చూసేవాడు. ఆమె ముందు సీటువాళ్ళ సంచీని చూసేది.

ఇన్నాళ్ళకి కొత్తరేవులో ఖాళీ వచ్చింది. నెలాఖరులోగా వచ్చి చేరకపోతే ఆ ఖాళీ వరసలో తర్వాతి వ్యక్తికి పోతుందని ఉత్తర్వులోనే రాశారు. హైమవతి ఆ వాక్యాన్ని పదేపదే చదువుకుంది. ఆ రోజే గిన్నెలు సర్దేసింది.

“ఏటే, నిజమేనా?” అన్నాడు ఫల్గుణరావు ఫోన్లో. “మంచం కొనీమంటావా? నా నులకమంచం నీకు పడదు.”

“ఇంకా కొనకండి. ముందు నన్ను వదలనీండి.”

ఆమె స్థానంలో మురుగునీటి విభాగం నుంచి బొడ్డు ఏలీషా వచ్చాడు. నిదానస్తుడు. లోగడ ఆయన మ్యాన్‌హోలు మూతల్ని లెక్కపెట్టకుండా ‘పూర్తిగా ముట్టినది’ అని సంతకం పెట్టేసి, తగ్గిన మూతల కోసం ఇప్పటికీ ఊళ్ళో రోడ్ల వెంట తల వంచుకునే నడుస్తున్నాడు. అందువల్ల హైమవతి అప్పగించిన బల్లని తట్టి చూశాడు, కుర్చీలో కూచుని చూశాడు, ఫ్యాను వేసి దాని కింద నుంచుని చూశాడు. అన్నిటికీ సంతకాలు పెట్టాడు. జాబితాలో చివరి అంశం దగ్గర ఆగాడు.

‘పంపు లాగ్ ఫైలు – ఒకటి.’

లాగ్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్రోగ్రాము తను చేసే ప్రతి పనినీ ఒక ఫైల్లో వరసగా రాసుకుంటూ పోతుంది. ఇప్పుడు పంపు వేశాను, ఒత్తిడి ఇంత ఉంది, కరెంటు ఇంత లాగింది, ఇప్పుడు ఆపాను, ఇలాగ. రేపేదైనా చెడితే అది చూసి ఎక్కడ చెడిందో పట్టుకోవచ్చు. ఎక్కడైనా అటువంటి ఫైలు కాస్త పెరగగానే దాన్ని మూసి, పేరు మార్చి పక్కన పెట్టి, మళ్ళీ ఖాళీ ఫైలు తెరుస్తారు. బాగా పాతవాటిని తీసి పారేస్తారు. కాని నీలాపురం మండలిలో తీసి పారెయ్యడమనేది ఎవరూ ఎన్నడూ చేసి ఎరగరు. పైగా ‘ముందు రాత, తర్వాత నీళ్ళు’ అని ఒక సర్కులరు ఉంది. ఫైల్లో వరస పడితేనే పంపు తిరగాలి, పడకపోతే తిరగకూడదు. హైమవతి ఆ ప్రకారమే రాసింది. రాయకపోతే ఉద్యోగం ఉండేది కాదు.

జాబితా రికార్డుల సూపరింటెండెంటు తాండ్ర కోదండపాణి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన హైమవతిని పిలిపించాడు.

“అమ్మా, సదరు చివరి అంశం ఎదుట పుటల సంఖ్య వెయ్యలేదు.”

“దానికి పుటలుండవండీ. కంప్యూటర్లో ఉంటుంది.”

“ఎక్కడున్నా రికార్డు రికార్డే. దానికి మొదలుండాలి, చివరుండాలి. చివర ‘ఇంతటితో సమాప్తం’ అని ఉండాలి. అటుపైన ఒక్క అక్షరం కూడా చేరకూడదు. అప్పుడే అప్పగింత.”

“అది సమాప్తం కాదండీ. పంపు తిరిగినంత కాలం పెరుగుతూనే ఉంటుంది.”

“పెరిగేదాన్ని ఎలా అప్పగిస్తారమ్మా? మీరు ఇచ్చింది ఒకటి, ఆయన పుచ్చుకునేసరికి ఇంకొకటి అవుతుంది. మనం పిల్లని అత్తారింటికి పంపుతున్నామా ఏమిటి?”

హైమవతి కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. “ఇప్పుడే దీన్ని మూసేసి, పేరు చివర ‘పాత’ అని తగిలించి, కొత్త ఫైలు తెరుస్తానండీ. సి లో చిన్న పని. టీ తాగేలోపు అయిపోతుంది. పాతది పూర్తయినట్టే కదా, ఏలీషా గారు సంతకం పెట్టేస్తారు.”

కోదండపాణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే ఎవరో ఒకరి ఇంక్రిమెంటు ఆగుతుందని మండలిలో ప్రతీతి.

“ఒక రికార్డుని రెండు చెయ్యడం విచ్ఛేదం. రికార్డుకి పేరు మార్చడం మారుపేరుతో చలామణి చెయ్యడం. ఈ రెండు నేరాలూ టీ తాగేలోపు చేసేస్తారా? నా సర్వీసు పుస్తకంలో నా పేరు ‘కోదండరాణి’ అని పడి ముప్పయ్యేళ్ళయింది. నా పేరే నన్ను మార్చుకోనివ్వలేదు ఈ మండలి. ప్రసూతి సెలవు వాడుకోలేదేమని ఏటా అడుగుతారు. నేను జవాబు రాస్తాను. అంతేగాని పేరు మార్చమన్నానా?”

హైమవతి టీ తాగకుండానే లేచి వచ్చేసింది.

ఫైలుని ముద్రించి పుటలు లెక్కపెట్టాలని నిర్ణయమైంది. ప్రింటరు మొరాయించే దాకా ముద్రించారు. కాగితాలు నడవలోకి వచ్చాయి, నడవలోంచి మెట్ల మీదికి వచ్చాయి. ఏలీషా చాప వేసుకుని కూచుని, ఒక్కొక్క పుటకీ అంకె వేసి, చివరి పుట దాకా వచ్చి, కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

“ఏమైందండీ?” అంది హైమవతి.

“అమ్మా, ఈ ఫైలు ఎవరు తెరిచి చూసినా, చూసినట్టు అందులోనే ఒక వరస పడాలని సర్కులరుంది కదా.”

“ఉంది.”

“నేను చూశాను. చూసినట్టు వరస పడింది. ఆ వరసని నేను చూడలేదు. అది చూద్దామని తెరిస్తే ఇంకో వరస పడింది.”

“ఆ ఒక్కటీ చూడకుండా పెట్టెయ్యండి ఏలీషా గారూ. మీ పేరే కదా ఉండేది అందులో.”

“మీ మీద నమ్మకం లేక కాదమ్మా. నా మీద లేదు. మూతల సంగతి మీకు తెలుసుగా.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరగబోయాయి. ఆయన తప్పు చెయ్యకూడదనే పట్టుదలతో ఆమెని నిలువునా ముంచుతున్నాడు. అలాంటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఫోన్లో ఫల్గుణరావు, “మంచం చూసొచ్చాను. టేకు. బేరం ఆడి ఉంచాను,” అన్నాడు.

“చెప్పానుగా, కొనకండని.”

“కొనలేదే. దాని మీద కూచుని వచ్చానంతే.”

మర్నాడు చీఫ్ ఇంజనీరు ముక్తేవి వాసుదేవమూర్తి గారి గదిలో సమావేశం జరిగింది. ఆయన పెద్ద చదువులు చదివినవాడు. ఏ సమస్యనైనా మూలంలోకి వెళ్ళి చూడాలంటాడు. వెళ్ళి చూశాడు.

“వై ఈజ్ ది ఫైల్ గ్రోయింగ్?” అన్నాడు.

“పంపు తిరుగుతోంది గనకండీ,” అంది హైమవతి.

“అయితే పంపు ఆపండి.”

గదిలో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత సులువైన మాట తమకి తట్టనందుకు కోదండపాణి సిగ్గుపడ్డాడు కూడా.

“సార్, ఊరికి నీళ్ళు…” అంది హైమవతి.

“అమ్మా, నీళ్ళు తాత్కాలికం. ఇవాళ వస్తాయి, ఇవాళే అయిపోతాయి. రికార్డు శాశ్వతం. ఇది పాలసీ మేటర్.”

ఊళ్ళో మైకులో చాటించారు. “పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, మండలి వారి లాగ్ ఫైలు సమాప్తి నిమిత్తం నీటి సరఫరా తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది. ఈ వ్యవధిలో ప్రజలు మితముగా దాహపడి సహకరించగలరు.”

పంపు ఆగింది. ఫైలు ఆగలేదు.

ఎందుకాగుతుంది? ఒక వేసవిలో పంపు ఊరికే ఆగిపోయి గొడవైనప్పుడు, పంపు ఆగి ఉన్న ప్రతి క్షణానికీ కారణం రాయాలనీ, ఆ కారణం ఏదైనా ఉత్తర్వు అయితే దాని పూర్తి పాఠం రాయాలనీ ఇంకో సర్కులరు వచ్చింది. ఇప్పుడు కారణం చీఫ్ ఇంజనీరు గారి ఉత్తర్వు. ఆయన ఉత్తర్వులు క్లుప్తంగా ఉండవు. ‘పరిశీలించిన మీదట’ అని మొదలై, పూర్వపు ఉత్తర్వులన్నిటినీ పలకరించి, ‘ప్రతులు’ అని కొసకి వచ్చేసరికి రెండు నిండు పుటలు. ఆ రెండు పుటలూ క్షణానికొకసారి ఫైల్లో పడసాగాయి. పంపు తిరిగినప్పుడు నడకలా పెరిగిన ఫైలు, ఆగాక పరుగులా పెరిగింది.

ఆ పెరుగుదలని గీత గీయించి చూసుకున్న వాసుదేవమూర్తి గారి మొహం వికసించింది. “చూశారా? నీళ్ళిచ్చిన రోజుల కంటే ఇవ్వని రోజుల్లో మన డిపార్ట్‌మెంట్ ఎన్నో రెట్లు ఎక్కువ పని చేసింది. దీన్ని పైకి పంపండి.”

పంపారు. పైనుంచి అభినందన వచ్చింది. అది ఉత్తర్వుకి అనుబంధం గనక, అది కూడా క్షణానికొకసారి పడసాగింది.

గేటు దగ్గర బిందెలతో ఆడవాళ్ళు చేరారు. అందరికంటే ముందు కుమ్మరివీధి సింహాచలమ్మ నిలబడింది. నడుం మీద బిందె, నోట్లో నిప్పులు.

“ఏవమ్మా ఇంజనీరమ్మా! నీళ్ళేవంటే ఫైలవలేదంటారు. ఆ ఫైలుకీ నా బిందెకీ ఏటి సమ్మంధం?”

హైమవతి, “మీ ఫిర్యాదు రాసుకుంటారమ్మా,” అంది.

“ఎందులో?”

“ఆ ఫైల్లోనే.”

సింహాచలమ్మ బిందె ఈ నడుం మీంచి ఆ నడుం మీదికి మార్చుకుంది. “అంటే నాను తిడితే అది ఇంకా పెరుగుద్దా?”

“పెరుగుతుంది.”

“నాను తిట్టకపోతే?”

“అప్పుడూ పెరుగుతుంది.”

“అయితే తిట్టే ఎల్తాను,” అని సింహాచలమ్మ బిందె దించి, స్థిమితంగా, వరస తప్పకుండా, చీఫ్ ఇంజనీరు గారి దగ్గర్నుంచి ప్రింటరు దాకా అందర్నీ తిట్టింది. వాచ్‌మన్ అంతా ఎక్కించాడు. నెల మొదలైనప్పటి నుంచీ ఆ ఫైల్లో పడిన వాటిలో అర్థమున్న వరసలు అవేనని తర్వాత ఏలీషా అన్నాడు.

నెలాఖరు దగ్గరపడింది. హైమవతికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూస్తే చాలు, కొత్తరేవులో తన కుర్చీలో మొహం తెలియని మనిషెవరో కూచుని కనిపించేవాడు. మరోపక్క ఊరంతా తన మూలానే దాహంతో ఉందనిపించి, తను తాగే నీళ్ళు కూడా గొంతు దిగేవి కావు. ఆ భయంలోనే ఒక పొద్దున ఫైలు పొడవు చూసింది. నేరుగా చీఫ్ ఇంజనీరు గారి గదికి వెళ్ళింది. కోదండపాణి అక్కడే ఉన్నాడు.

“సార్, మన కంప్యూటరు పాతది. ప్రోగ్రాము ఫైలు పొడవుని ఒక అంకెలో గుర్తు పెట్టుకుంటుంది. ఆ అంకె రెండు గిగాబైట్ల దాకానే వెళ్ళగలదు. అది దాటితే లెక్క తిరగబడి మైనస్‌లోకి పోతుంది.”

“మైనస్ పొడవున్న రికార్డా?” అన్నాడు కోదండపాణి. “అంటే అసలు రికార్డు లేకపోవడం కంటే కూడా తక్కువన్నమాట. దాన్ని ఏ బీరువాలో పెడతాం?”

“పెట్టే దాకా రాదండీ. ఆ గోడ తగలగానే కొత్త వరస పడదు. వరస పడకపోతే పంపు తిరగదు. ఇప్పుడు మనం ఆపాం గనక ఆగింది. అప్పుడు వెయ్యమన్నా వెయ్యదు.”

“ఆ అంకెని పెద్దది చేసెయ్యండి,” అన్నాడు వాసుదేవమూర్తి.

“చెయ్యచ్చు సార్. పెద్ద ఫైళ్ళకి వేరే రకం అంకె ఉంది. కాని డిస్కులోనూ చోటు ఆట్టే మిగల్లేదు. గోడని ఇంకాస్త దూరం జరిపినట్టవుతుంది, అంతే.”

అప్పుడే ఆయనకి ఇంటినుంచి ఫోను వచ్చింది. వాసుదేవమూర్తి గారు లేచి నిలబడి మాట్లాడారు. “అలాగేనోయ్… లేదోయ్… తొట్టిలో కూడా లేవా?… మీ అన్నయ్య వాళ్ళు ఇవాళే వస్తున్నారా?” ఫోను పెట్టేసి చెమట తుడుచుకుని, కోదండపాణి వైపు తిరిగారు. “దీనికి రూల్సులో ఏదో ఒక మార్గం ఉండి తీరాలి. మధ్యాహ్నంలోగా ఉండాలి.”

కోదండపాణి భోజనం మానేసి నిబంధనల సంపుటాలు తిరగేశాడు. ఆయన్ని తక్కువగా అనుకోకూడదు. నిబంధన ఎక్కడ కడుతుందో, ఎక్కడ వదులుతుందో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి మొహం వెలిగిపోతూ వచ్చాడు.

“దొరికింది సార్. పదవీ విరమణ!”

“ఎవరిది?”

“ఫైలుది. ఉద్యోగికి వయోపరిమితి ఉన్నట్టే దీనికి రెండు గిగాబైట్ల పరిమితి ఉంది. పరిమితి చేరినవారు విరమిస్తారు. వారి ఖాళీలో కొత్తవారు చేరతారు. ఒక ఉద్యోగి రిటైరైతే మనిషిని రెండు ముక్కలు చేశారని ఎవరైనా అంటారా? కనుక ఇది విచ్ఛేదం కాదు. పేరుకి ముందు ‘విశ్రాంత’ అని చేరుస్తాం. అది మారుపేరు కాదు, మర్యాద.”

నెల మొదట్లో హైమవతి అన్నది అక్షరాలా ఇదే. కాని ఆ మాట ఇప్పుడు ఎత్తితే, అది తన ఆలోచన అవుతుంది. తన ఆలోచన అయితే మళ్ళీ నేరమవుతుంది. “చాలా బాగుందండీ,” అంది.

విరమణ ఉత్తర్వు తయారైంది. పంపు మళ్ళీ వేశారు గాని, ఎండిపోయిన ట్యాంకు నిండి వీధి కుళాయిలకి నీళ్ళింకా రాలేదు. అయితే వీడ్కోలు సభ లేకుండా మండలిలో ఎవరూ రిటైరవలేదు. సంక్షేమ సంఘం వాళ్ళు నెలకి ఒక్క సభే చేస్తారు. ఈ నెల సభ హైమవతి కోసం అట్టేపెట్టారు. పదవీ విరమణకి బదిలీ కంటే ప్రాధాన్యం గనక, అది ఫైలుకి ఇచ్చారు.

“ఏమనుకోకండి మేడమ్,” అన్నాడు సంఘం కార్యదర్శి. “మీరు మళ్ళీ ఎక్కడో ఉద్యోగం చేస్తారు. పాపం, దానికి ఇంక ఏముంది?”

సభ పంపుగదిలోనే జరిగింది. కంప్యూటరు తెరకి బంతిపూల దండ వేశారు. పెట్టెకి శాలువా కప్పారు. గాలి వచ్చే కన్నాలు మూసుకుపోయి లోపలి ఫ్యాను రొప్పుతుంటే, హైమవతి ఎవరూ చూడకుండా శాలువా కొస కొంచెం ఎత్తి పట్టుకుంది. ఫోటోలో ఆమె ఫైలుకి నమస్కారం చేస్తున్నట్టు పడింది.

వాసుదేవమూర్తి గారు మాట్లాడారు. “వీరు ఏనాడూ సెలవు పెట్టలేదు. పదోన్నతి అడగలేదు. చూసినది చూసినట్టు రాశారు. మనల్ని తిట్టిన తిట్లు కూడా మనసులో దాచుకున్నారు. వీరి శేషజీవితం…” అని ఆగి, కోదండపాణి చెవిలో, “ఎక్కడుంటారు?” అని అడిగారు. “రెండో డిస్కులో సార్.” “…రెండో డిస్కులో సుఖశాంతులతో గడవాలని కోరుకుంటున్నాను.”

టైపిస్టు అలవాటు కొద్దీ ఏడ్చింది. నవ్వు ఆపుకుంటూ కూచున్న హైమవతికి కూడా, ఎందుకో, కార్యదర్శి ఫైలు తరఫున ‘ఇక సెలవు’ అనేసరికి కళ్ళు మసకబారాయి. సెలవు తీసుకునేది ఎవరైనా సరే, ఆ మాటని ఆమె తట్టుకోలేదు. కళ్ళు తుడుచుకుని మీట నొక్కి ఫైలు పేరు మార్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. జీడిపప్పు ఉప్మా తిన్నారు.

ఉప్మా అయ్యాక ఏలీషా, సంతకం పెట్టే ముందు అలవాటు ప్రకారం ఇంకొక్కసారి చూశాడు.

“అమ్మా… ఇది ఇంకా పెరుగుతోంది.”

కోదండపాణి చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చాడు. తెర మీద ‘విశ్రాంత పంపు లాగ్’ కిందికి కొత్త వరసలు నిక్షేపంగా వచ్చి పడుతున్నాయి.

“ఏమిటిది? దండ వేయించుకుని, ఉప్మా తినిపించి, మళ్ళీ వచ్చి పని చేస్తున్నాడా? మన విశ్రాంత హెడ్‌క్లార్కు రంగధామం గారిలాగ?” రంగధామం గారు రిటైరై ఏళ్ళయినా రోజూ పది గంటలకి వచ్చి తన పాత కుర్చీలో కూచుంటారు. ఆ కుర్చీ తాలూకు కొత్త గుమాస్తా కిటికీ గట్టు మీద కూచుని పని చేసుకుంటాడు.

“తప్పు ఫైలుది కాదండీ,” అంది హైమవతి. “పేర్లు మన కోసం. ప్రోగ్రాము ఒకసారి ఫైలు తెరిచాక పేరు చూడదు. చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని ఉంటుంది. పేరు మార్చినా, దండ వేసినా, తను పట్టుకున్నదాంట్లోనే రాస్తుంది. వదలమని దానికి విడిగా చెప్పాలి. వదిలాక, కొత్తది తెరవమని చెప్పాలి.”

“చెబితే వదులుతుందా?”

“చెబితే వదులుతుందండీ. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదంతే.” ఆ మాట అంటుంటే ఆమె గొంతు కొంచెం మారింది. కోదండపాణి అది గమనించి, దగ్గు అనుకున్నాడు.

రేపటితో నెల అయిపోతుంది. రేపు పొద్దున ఆమె కొత్తరేవులో చేరాలి. సంచీ, గిన్నెల మూట ఆఫీసుకే తెచ్చేసుకుంది. అయినా కోదండపాణికి మరో సందేహం వచ్చింది. ఆయనకి సందేహం రాకపోతే ఆశ్చర్యపడాలి గాని, వస్తే ఏముంది?

“అమ్మా, పంపుగది అధికారి రిలీవ్ అయినట్టు లాగ్‌లో పడాలి. ఎందులో పడుతుంది? పాతదాంట్లో ‘సమాప్తం’ తర్వాత ఏమీ చేరకూడదు. సమాప్తానికి ముందు వేస్తే, రిలీవ్ అయిపోయిన మనిషి సమాప్తం ఎలా చేస్తుంది? కొత్తది ఏలీషా గారి హయాం. అందులో మీ పేరు ఉండరాదు.”

ఆఖరి బస్సు అయిదింటికి. హైమవతి గోడ గడియారం చూసింది.

“ఈ రెండు ఫైళ్ళ మధ్య ఏముంటుంది?” అన్నాడు కోదండపాణి.

“ఏమీ ఉండదండీ. పాతది వదిలి కొత్తది పట్టుకునే మధ్య ఓ రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఏం జరిగినా ఎక్కడా పడదు.”

కోదండపాణి బల్ల మీద చరిచాడు. “అయితే అందులో రిలీవ్ అవండి! ఏ నిబంధనకీ భంగం లేదు. కాని రెప్పపాటులో గేటు దాటగలరా?”

“రెప్పపాటుని సాగదీస్తాను,” అంది హైమవతి. ఆమె వేళ్ళకి పని తెలుసు. పాతది మూసే వరసకీ కొత్తది తెరిచే వరసకీ మధ్య, ఎవరైనా మీట నొక్కే దాకా ఆగమని ఒక చిన్న వరస చేర్చింది. “నేను గేటు దాటాక ఏలీషా గారు ఈ మీట నొక్కాలి. అంతవరకూ రాసుకోవడానికి ఫైలుండదు గనక పంపు తిరగదు.”

ఆమె ‘ఇంతటితో సమాప్తం’ అని కొట్టి, వదలమని చెప్పింది. వదిలింది. పంపు మూలిగి ఆగింది. తెర మీద పెరుగుదల నిలిచిపోయింది. ఏలీషా ఆఖరి వరసని వేలు పెట్టి చదివి, ఇంకోసారి చదివి, సంతకం పెట్టాడు. పెట్టి, “మీరు మంచివారమ్మా,” అన్నాడు.

“ఇప్పుడు కబుర్లేమిటి!” అని కోదండపాణి గసిరాడు. “ఈవిడ ప్రస్తుతం ఏ రికార్డులోనూ లేరు. రికార్డులో లేని మనిషి మండలి ఆవరణలో ఉండరాదు. నడవండమ్మా, నడవండి!” అంటూ తనే ఆమె సంచీ అందుకున్నాడు. కార్యదర్శి గిన్నెల మూట ఎత్తాడు. టైపిస్టు గొడుగు తెచ్చింది. ఇన్నేళ్ళూ ఆమెని కదలనివ్వనివాళ్ళంతా ఇప్పుడు వెనకనుంచి తోసుకుంటూ మెట్లు దింపారు. వెనక్కి తిరిగి గదిని ఒక్కసారి చూసుకుందామనుకుంది. మెడ తిరిగే చోటు కూడా ఇవ్వలేదు.

గేటు దగ్గర సింహాచలమ్మకి సంగతి అప్పుడే చేరింది. “ఒసేయ్, దారియ్యండే! ఈయమ్మ బయటికెల్తేనే నీలొస్తాయంట!” బిందెలు అటూ ఇటూ జరిగాయి. ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు, ఎవరో భుజం మీద చెయ్యి వేసి తోశారు. హైమవతి గేటు దాటింది.

“అయిపోయింది!” అని వాచ్‌మన్ లోపలికి కేకేశాడు.

లోపల పంపు మొరిగింది. రోడ్డు కింద గొట్టాలు దగ్గాయి. వీధి కుళాయి తుప్పునీళ్ళు కక్కి, గాలి వదిలి, తెల్లటి ధార కట్టింది. ఆడవాళ్ళంతా అటు పరుగెత్తారు. రోడ్డు మీద హైమవతి, ఆమె సంచీ, గిన్నెల మూట మిగిలాయి. గేటు లోపల కోదండపాణి ఆమెకి నమస్కారం పెట్టబోయి, ఏ హోదాలో ఉన్న మనిషికి పెడుతున్నాడో తేల్చుకోలేక, చెయ్యి దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

బస్టాండుకి చేరి ఫోన్ చేసింది. “బయల్దేరాను. మంచం కొనెయ్యండి.”

అవతల ఫల్గుణరావు, “ఐసు దించుతున్నారే, చెయ్యి తడిగా ఉంది, ఉంటాను,” అని పెట్టేశాడు. ఐసు దించేటప్పుడు ఆయన గొంతు అలా ఉండదని ఆమెకి తెలుసు.

కొత్తరేవు బస్సు తలుపు దగ్గర కండక్టరు ఆమెని చూసి సంచీ అందుకున్నాడు. ఏళ్ళ తరబడి అదే బస్సు, అదే కండక్టరు.

“రండి మేడం. ఇవాళ శనివారం కూడా కాదే! తిరుగు ప్రయాణం ఆదివారమేనా? కిటికీ సీటు ఉంచుతాను.”

“వద్దులెండి. ఇంక ఉంచక్కర్లేదు. అక్కడికే బదిలీ అయిపోయింది.”

కండక్టరు సంచీ పైన పెట్టబోయేవాడల్లా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. “అయితే మా బస్సుకి ఇంక రారా?”

ఆ రోజంతా ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. “అప్పుడప్పుడూ వస్తుంటాలెండి,” అంది హైమవతి.

“అలా అన్నవాళ్ళెవరూ రారు మేడం,” అన్నాడు అతను. సంచీని పై అరలో, కింద పడకుండా, రెండుసార్లు సర్ది పెట్టాడు. ఆమెకి కిటికీ సీటు చూపించి, తలుపు దగ్గరికి వెళ్ళి, మొహం రోడ్డు వైపు తిప్పుకుని ఈల వేశాడు.